గడప మీద కూర్చోకు

మా అమ్మకి నా కళ్లతో ఎప్పుడూ పేచీ లేదు. ఆవిడ తగాదా అంతా నా మెడతోనే. లోకంలో తల్లులు కూతుళ్ల మెడలు వంచుతారు. మా అమ్మ నా మెడని నిలబెట్టడానికి పూనుకుంది. పట్టుదల గల మనిషి, పట్టిన పని మధ్యలో వదిలే రకం కాదు.

పుట్టినప్పటి నుంచీ నా కళ్లు ఆడతాయి. అటూ ఇటూ, ఆగకుండా, చలిజ్వరం వచ్చినవాడి పళ్లలాగా. "నీకు ప్రపంచమంతా ఊగుతున్నట్టు ఉంటుందా?" అని అడుగుతారు కొత్తగా పరిచయమైనవాళ్లు. ఊగదు. అలుక్కుపోతుంది. తడిగుడ్డతో సగం తుడిచిన పలకలా ఉంటుంది. కానీ మొహం కుడివైపుకి తిప్పి, కళ్లని ఎడమ కొసలకి తెచ్చి చూస్తే ఆ ఆట నెమ్మదిస్తుంది. అప్పుడు అక్షరం అక్షరంలా నిలబడుతుంది, మనిషి మొహం మొహంలా కనిపిస్తుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. నడక రాకముందే మెడ తిప్పానట.

మెడ ఒక్కటీ తిప్పితే చాలదు. వీపుకి ఏదో ఒక ఆనిక కావాలి, పాదాలకి నేల తగలాలి. ఒంటిని పడిపోకుండా పట్టుకోవడానికే సత్తువంతా ఖర్చయిపోతే కంటికి ఏమీ మిగలదు. ఎవరైనా నన్నే గుడ్లప్పగించి చూస్తున్నా, మీద పడి అరిచినా కళ్లు ఇంకా రెచ్చిపోతాయి. ఈ సంగతులన్నిటికీ ఇప్పుడు పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయి. అప్పట్లో మా ఇంట్లో ఒకటే పేరు ఉండేది, దరిద్రం.

మాది చిక్కడపల్లిలో, కూరగాయల మార్కెట్ వెనక సందులో, రెండు గదుల కిరాయి పోర్షను. మా తాత గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఊరు వదిలినా ఊరి పద్ధతులు వదలలేదు, వాటికి ఇక్కడి నీళ్లు బాగా పడ్డాయి. చెంపకి చెయ్యి ఆన్చుకుంటే దరిద్రం, ఇంట్లో ఎవరో పోయినట్టు. కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపితే దరిద్రం. గోడకి జేరబడితే దరిద్రం, ఒళ్లొంగనివాళ్ల లక్షణం. గడప మీద కూర్చుంటే సరేసరి, లక్ష్మీదేవి వీధిలోంచే వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. మా నాన్న గవర్నమెంటు ఆఫీసులో గుమస్తా. లక్ష్మీదేవి మా సందులోకి తొంగి చూసిన దాఖలాలు ఏమీ లేవు. అయినా ఆవిడ వస్తే అడ్డుగా ఉండకూడదని నన్ను లేపుతూనే ఉండేవారు.

తమాషా ఏమిటంటే, నా కళ్లని నిలబెట్టే కూర్చోవడాలన్నీ ఆ దరిద్రం లెక్కలోవే. చెంపకి చెయ్యి ఆన్చుకుంటే తల కదలకుండా ఉంటుంది. గోడకి జేరబడితే వీపు నిశ్చింతగా ఉంటుంది. ఇక గడప అయితే నా కోసమే కొట్టించినట్టు ఉండేది. పాతకాలపు ఇల్లు, వెడల్పాటి కర్ర గడప. ఒక పక్క ద్వారబంధానికి వీపు ఆన్చి, రెండో పక్క దానికి పాదాలు తన్నిపెట్టి, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని మెడ తిప్పితే, అబ్బ, కళ్లు మంత్రం వేసినట్టు సద్దుమణిగేవి. వీధి వైపు నుంచి వెలుతురు సరిగ్గా పుస్తకం మీద పడేది. నేను అక్షరాలు కూడబలుక్కున్నది బళ్లో కాదు, ఆ పసుపు రాసిన గడప మీద. లంగా వెనక ఎప్పుడూ పసుపు మరక ఉండేది. ఆ మరకే నన్ను పట్టించేది.

మా అమ్మ మొహం నేను మొదటిసారి సరిగ్గా చూసింది కూడా ఆ గడప మీద నుంచే. అప్పటి వరకూ ఆవిడ నాకొక గొంతు, ఒక చీర రంగు, ఒక గాజుల చప్పుడు. ఆ రోజు తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉంది. సన్నటి కనుబొమలు, పై పెదవి మీద చెమట, ముక్కుపుడక. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. ఆవిడ కోపంగా ఉంది. వచ్చి తొడపాశం పెట్టింది. తొడపాశం తెలియనివాళ్లకి చెబుతున్నాను, తొడ లోపలి చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి గాలిపటం దారం చుట్టినట్టు చుట్టడం. పైకి కనపడదు. పద్ధతి గల ఇళ్లలో అందుకే అది వాడతారు.

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే? మెడ వాల్చుకుని, కళ్లు ఓరగా పెట్టుకుని, దెయ్యం పట్టినదానిలా!"

"ఇలా అయితే కనపడుతుందమ్మా."

"నీకు కనపడకపోతే కొంపలేం మునగవు. కనపడుతున్నట్టు కూర్చో. అది చాలు."

ఈ మాట ఆవిడ కోపంలో నోరు జారి అన్నది కాదు. అది ఆవిడ సిద్ధాంతం. నేను చూడాలా వద్దా అన్నది పెద్ద విషయం కాదు, చూస్తున్నదానిలా ఉండాలి. రోజూ సాయంత్రం దీపం పెట్టాక నన్ను బీరువా అద్దం ముందు నిలబెట్టేది. గడ్డం పట్టుకుని మొహాన్ని తిన్నగా తిప్పేది. "కుక్కతోక వంకర తీయలేమంటారు. ఆడపిల్ల మెడ వంకర కూడా తీయలేమా?" అనేది. అద్దంలో ఏమీ కనిపించేది కాదు. నా తల వెనక ఒక చీర రంగు, ముందు ఒక గౌను రంగు. ఆ గౌను రంగే నేను. నాన్న పక్క గదిలో పేపరు చదువుతూ ఉండేవాడు. ఆయనకి అన్నీ వినపడేవి. వినపడనట్టు ఉండేవాడు. ఆ కళ ఇంట్లో అందరికీ అలవాటే.

చుట్టాలొస్తే నోటితో చెప్పడం బాగుండదు కాబట్టి గాజులు వాడేది. గాజులు ఒకసారి గలగలమంటే మెడ. గలగలమని ఆగకపోతే మెడా, చెయ్యీ, కాళ్లూ అన్నీ. నేను వెంటనే తిన్నగా కూర్చునేదాన్ని, లోకం అలుక్కుపోయేది. "మీ అమ్మాయి ఎంత పద్ధతిగా కూర్చుందండీ!" అనేవాళ్లు వచ్చినవాళ్లు. ఆ మాట ఎవరన్నారో, ఏ వైపు నుంచి అన్నారో తెలిసేది కాదు. అందాజాగా ఒక పక్కకి చూసి నవ్వేదాన్ని.

మా ఇంటి ఓనరమ్మ ఒకావిడ ఉండేది. పక్కా ఇక్కడి మనిషి, నోరు పెద్దది. నల్లా దగ్గర మా అమ్మకీ ఆవిడకీ రోజూ తగువే. ఒకరోజు ఎండాకాలం మధ్యాహ్నం నేను గడప మీద పుస్తకంలో మునిగి ఉండగా అమ్మ వచ్చి జుట్టు పట్టుకుని లేపింది. ఓనరమ్మ చూసింది.

"ఏందమ్మా, గట్ల గుంజుతవ్? గడప మీన గూసుంటే మంచిగ సదువుతుంది గద పోరి. కూసోనియ్యరాదు జర!"

"మా ఇంటి పద్ధతులు వేరండీ" అంది అమ్మ.

"మీ పద్ధతులేమో గని, పోరి కండ్లు పోతయ్" అని ఓనరమ్మ నవ్వింది. జాలితో అన్నది కాదు, పోట్లాటలో పైచేయి కోసం అన్నది. సాయంత్రం తన పిల్లలకి నేను మెడ తిప్పి నడవడం చేసి చూపించి నవ్వించింది కూడా. నాకు ఇద్దరి మీదా సమానంగా ఒళ్లు మండింది.

బడి నారాయణగూడలో. బోర్డు మీది లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటున్నానని, పాఠం చదవమంటే నిలబడి నీళ్లు నములుతున్నానని మేష్టర్లు చెప్పగా చెప్పగా ఒకరోజు హెడ్ మిస్ట్రెస్ అమ్మానాన్నల్ని పిలిపించింది. విషయం తేలిక. పిల్లకి చూపు లేకపోతే చూపు లేని పిల్లల హాస్టలు బడికి పంపించాలి. ఉంటే ఇక్కడే ఉంచుతారు. ఆవిడ తన ఎదురుగా పుస్తకం చదివించి తేల్చుకుంటానంది. ఆ పరీక్షకి ముందు రాత్రి అమ్మ అన్నం తినలేదు. "గుడ్డి బడి" అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, కానీ ఇల్లంతా ఆ మాటే ఉంది. నాకు మాత్రం భయం లేదు. నాకు చదవడం వచ్చు. గడప మీద ఇంతింత లావు పుస్తకాలు చదివేశాను. మెడ తిప్పి చదివేస్తాను, అయిపోతుంది అనుకున్నాను.

నన్ను పెద్దవాళ్ల కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్లు నేలకి అందలేదు. వీపు వెనక బోలెడంత ఖాళీ. ముందు ఒక కొత్త పుస్తకం పెట్టారు. నేను కొంచెం ముందుకు వంగి, మొహం కుడివైపుకి తిప్పాను. మొదటి వాక్యం అలలు తగ్గిన నీళ్లలో గులకరాళ్లలా పైకి వస్తోంది. అంతలో గాజులు గలగలమన్నాయి.

ఆగాను. గాజులు ఆగలేదు.

నేను మెడ నిలబెట్టాను. వీపు నిలబెట్టాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. వాక్యం పోయింది, పేజీ కూడా పోయింది. తెల్లగా ఏదో ఉంది, దాని మీద బూడిదగా ఏదో ఉంది. "చదువమ్మా" అంది హెడ్ మిస్ట్రెస్. మొదట్లో కనిపించిన మూడు మాటలు చదివాను. తరవాత మళ్లీ అవే మూడు మాటలు చదివాను. తరవాత ఏడుపొచ్చింది. ఏడిస్తే తల వంగిపోతుందని అదీ ఆపుకున్నాను.

"కళ్లు అలా కదులుతున్నాయేమిటండీ?" అని అడిగింది హెడ్ మిస్ట్రెస్.

"భయమండీ. డాక్టరుగారికి చూపించాం, ఏం ఫర్వాలేదన్నారు" అంది అమ్మ.

హెడ్ మిస్ట్రెస్ కాసేపు నన్ను చూసినట్టుంది. "చూపు బాగానే ఉన్నట్టుంది. చక్కగా తిన్నగా కూర్చుంది, పద్ధతిగల పిల్ల. బుర్రే కాస్త మందం. చదువబ్బడం కష్టమండీ. అయినా ఉండనివ్వండి, ఏదో ఒక క్లాసు దాకా లాక్కొద్దాం" అంది.

బయటికి వచ్చాక నారాయణగూడ చౌరస్తాలో అమ్మ నాకు పాలకోవా కొనిపెట్టింది. మా అమ్మ వీధిలో నాకేమైనా కొనిపెట్టడం అదే మొదలు. నాన్నతో చెబుతోంది, గొంతులో సంతోషం దాచుకోలేక. "మొద్దు అంటే ఏం, లోకంలో ఎంతమంది లేరు? మొద్దుపిల్లలు కాపురాలు చెయ్యడం లేదా? ఆ రెండో మాట అనిపించుకోలేదు, అంతే చాలు." కోవా మెత్తగా, తియ్యగా ఉంది. మొత్తం తినేశాను. ఆ రోజు నుంచి బళ్లో నా పేరు మొద్దు. మేష్టర్లు కూడా ముద్దుగా అలాగే పిలిచేవాళ్లు. వెనక బెంచీలో తిన్నగా కూర్చుని, ఏమీ చూడకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా నేను పెద్దదాన్నయ్యాను.

అమ్మ మధ్యాహ్నాలు పడుకున్నప్పుడు గడప మీద చదివిన చదువే నాకు మిగిలింది. దాంతోనే ప్రైవేటుగా పరీక్షలు కట్టాను, ఆలస్యంగా డిగ్రీ అయింది. అమ్మ లెక్క ప్రకారం మొద్దుకి పెళ్లి కావాలి. కాలేదు. వచ్చినవాళ్లందరూ పద్ధతిగా కూర్చున్నానని మెచ్చుకునే వెళ్లిపోయారు.

ఇప్పుడు నా ఉద్యోగం నవ్వొచ్చే ఉద్యోగం. చూపు తక్కువగా ఉన్న పిల్లల్ని వెతుక్కుంటూ బస్తీలూ బడులూ తిరుగుతాను. వాళ్ల కుర్చీలు సరిచేస్తాను. నిజంగా అంతే. వేలాడే కాళ్ల కింద ఇటుకో పీటో పెడతాను, వీపు వెనక దిండు పెడతాను, పుస్తకాన్ని కంటి ఎత్తుకి లేపుతాను. మెడ తిప్పే పిల్ల ఏ పక్కకి తిప్పుతుందో చూసి క్లాసులో అదే పక్కన కూర్చోబెడతాను, బోర్డు తన కంటికొసలోకి వచ్చేలాగా. కన్ను మెడ మీద నిలుస్తుంది, మెడ నడుం మీద, నడుం పాదాల మీద. కొందరు పిల్లలకి వస్తువు కదిలితేనే కనిపిస్తుంది. అలాంటివాళ్లకి ఎదురుగా గ్లాసు పెట్టి "చూడు, చూడు" అంటే ఏం చూస్తారు? గ్లాసుని ఊపాలి. లేదా పిల్లని లేపి నడిపించాలి, నాలుగడుగులు వేస్తే గోడ ఎక్కడుందో తెలుస్తుంది. కుదురుగా ఉండమని కూర్చోబెట్టామంటే ఉన్న చూపు కూడా మనమే తీసేసినట్టు.

తల్లులకి ఇదంతా నోటితో చెబితే ఎక్కదు. అందుకని నాదొక పద్ధతి ఉంది. తల్లిని కాళ్లు నేలకి అందని ఎత్తు స్టూలు మీద కూర్చోబెడతాను, ఒక కాలు పొట్టిగా ఉన్న స్టూలు. చేతికి సూదీ దారం ఇస్తాను. ఎక్కించమంటాను. స్టూలు ఊగుతుంటే, నేను చెవి దగ్గర "తిన్నగా కూర్చో, తిన్నగా కూర్చో" అని అరుస్తూ ఉంటాను. మొన్న దోమలగూడ బస్తీలో పాలమూరు నుంచి వచ్చిన ఒకామె, బిల్డింగు పనికి పోయే మనిషి, బిడ్డ తల ఒక పక్కకి వేస్తోందని వీపు మీద చరుస్తూ ఉంది. ఆమెని స్టూలెక్కించాను.

"ఏంది మేడం, ఏం పరేషాన్ జేస్తున్నవ్? కింద గూసుంటే ఎక్కిస్త గద!" అని గయ్యిమంది.

"నీ బిడ్డ గూడ గదే అంటుంది" అన్నాను.

సూది విసిరికొట్టి నన్ను నానా తిట్లూ తిట్టింది. తరవాత తనే సిమెంటు సంచి దొర్లించుకొచ్చి బిడ్డ వీపు వెనక వేసింది. అందరూ అలా చెయ్యరు. సగంమంది తిట్టి ఊరుకుంటారు. నాకు నచ్చేది ఆ స్టూలు ఊగడమే. పెద్దవాళ్లు భయపడి అంచులు పట్టుకుంటారే, అది చూడ్డం నాకు ఇష్టం. దీన్ని సేవ అంటారు నలుగురూ.

నాన్న పోయాక అమ్మా నేనూ అశోక్ నగర్‌లో ఒక అపార్టుమెంటులోకి మారాం. కింద టీ బండి, దాని పక్కన పాత పుస్తకాల కొట్టు, చుట్టూ హాస్టళ్లు. ఉద్యోగాల పరీక్షలకి చదివే పిల్లలు పొద్దస్తమానం మెట్ల మీద, అరుగుల మీద, ఆగి ఉన్న స్కూటర్ల మీద పుస్తకాలతో ఉంటారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని వాళ్లని తిట్టడం అమ్మకి కాలక్షేపం. "ఆ ఎర్రచొక్కావాడు చూడు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని! ఉద్యోగం వచ్చినట్టే! ఆ పిల్ల చూడు, గోడకి ఎలా జారగిలబడిందో!" రోజూ ఇదే హరికథ. ఒకరోజు హరికథ ఆగిపోయింది. బాల్కనీలో ఎప్పటిలాగే తిన్నగా కూర్చుంటోంది, కానీ నోట మాట లేదు. కింద ఒక కుర్రాడు కాళ్లు ఊపుతూ, నోట్లో పెన్ను పెట్టుకుని, ద్వారానికి అడ్డంగా పడుకుని చదువుతున్నాడు. అయినా ఆవిడ ఏమీ అనలేదు. నాకు అప్పుడు తెలిసింది, మా అమ్మకి కనిపించడం లేదని.

నేనేమీ అనలేదు. ఆవిడా చెప్పలేదు. కొన్ని వారాలు అలా నడిచింది. చారు కంచం పక్కన పోసేది. కుక్కర్‌తో మాట్లాడేది, నేననుకుని. మెడ మాత్రం రాట పాతినట్టు ఉండేది. ఎదురింటి అమ్మాయి వస్తే గొంతు వినపడిన వైపు తిరిగి నవ్వేది, కాస్త అటో ఇటో. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నేను కనిపెట్టిన నవ్వే అది.

చివరికి పొయ్యి మీద చెయ్యి కాల్చుకుంది. కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. కళ్లు చూసి చెప్పాడు. చూపుకి నడిమధ్యలో మచ్చ పడింది, వయసుతో వచ్చేది, మందు లేదు. తిన్నగా చూస్తే మధ్యలో ఉన్నదే పోతుంది. పక్క చూపు మాత్రం బాగుంది.

"పెద్దమ్మగారూ, ఇకమీదట మీరు మనిషికేసి తిన్నగా చూడకండి. మొహం కాస్త పక్కకి తిప్పండి, ఓరగా చూడండి. వీపుకి ఆనిక ఉన్న చోట, కాళ్లు కింద ఆనేట్టు కూర్చోండి. తల కదలకుండా ఉంటే ఆ పక్క చూపు బాగా పనిచేస్తుంది. కొన్నాళ్లు అలవాటు చేసుకోవాలి, అంతే."

"తెలుసు నాయనా" అంది అమ్మ. "మా అమ్మాయికి మూడేళ్లప్పుడు మీలాంటాయనే చెప్పాడు. మెడ తిప్పితే తిప్పనివ్వమ్మా, అదే దానికి మందు, వీపుకి ఆనిక పెట్టు, కాళ్ల కింద పీట వెయ్యి అని. సరిగ్గా ఈ మాటలే."

డాక్టరు నావైపు చూసి నవ్వాడు. "మరి అలాగే పెంచారా?"

"ఆడపిల్ల కదండీ" అంది అమ్మ.

ఇన్నేళ్లూ నేను ఆవిడకి తెలియదనుకున్నాను. పాతకాలపు పట్టింపులు, చదువు లేదు, పాపం తెలియక చేసింది అనుకుని, ఆ 'తెలియక' అన్న ఒక్క మాట మీద మా అమ్మతో కలిసి ఒకే ఇంట్లో బతుకుతున్నాను. ఆటోలో అడిగాను.

"నీకు తెలుసా? మెడ తిప్పితే నాకు కనిపిస్తుందని?"

"తెలియకేం? మెడ తిప్పితే నీకు కనిపిస్తుంది, తిప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండిట్లో ఒకటే దొరుకుతుంది. నేను రెండోది తీసుకున్నాను" అంది, కూరగాయలు ఏరినంత మామూలుగా. "నిన్ను ఆ బడికి పోనివ్వలేదుగా? ఇంట్లోనే ఉంచుకున్నానుగా?"

ఆటో స్టీలు బ్రిడ్జి కిందకి వచ్చింది. ఆవిడని తోసెయ్యాలనిపించింది. అబద్ధం చెప్పను, చేతులు కూడా లేచాయి. ఆవిడ వీపు వెనకకి జేరబడకుండా, రాడ్డు పట్టుకోకుండా, తిన్నగా కూర్చుని ఉంది. కుదుపు వచ్చినప్పుడల్లా తూలుతోంది, మళ్లీ తిన్నగా అవుతోంది.

ఇలాంటివాళ్లకి ఏం చెయ్యాలో ఈ చుట్టుపక్కల నాకంటే తెలిసినవాళ్లు లేరు. పీటలు నా గదిలో అటక నిండా ఉన్నాయి. దిండ్లున్నాయి. ఒక్కటి కూడా దించలేదు. చేతుల్లేని, ఎత్తయిన ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ రోజూ కాళ్లు వేలాడేసుకుని కూర్చునేది, నేను ఎదురుగా కూర్చుని అన్నం తినేదాన్ని. బాగుందా అంటే, బాగుంది. దాచడం దేనికి?

ఒక మధ్యాహ్నం పని నుంచి తొందరగా వచ్చేశాను. తలుపు తీసే ఉంది. అమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఒక పక్కకి వీపు ఆన్చి, రెండో పక్కకి పాదాలు తన్నిపెట్టి, చెంపకి చెయ్యి ఆన్చుకుని. మొహం పక్కకి తిప్పి ఉంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పీట వెయ్యలేదు. తనంతట తనే కనుక్కుంది. నేను మెట్లెక్కి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ కళ్లు ఓరగా నా మీద ఆగాయి, అటూ ఇటూ వెతుక్కుని, సర్దుకుని, నిలబడ్డాయి. నోరు తెరుచుకుంది.

"నువ్వేనే! కనిపిస్తున్నావే! ఇదిగో, ఇలా అయితే నీ మొహం మొత్తం కనిపిస్తోంది. ఎంత చిక్కిపోయావే నువ్వు? ఆ జుట్టు ఎప్పుడు నెరిసింది?"

ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. చూడ్డానికి నేను కూడా మెడ తిప్పాను కదా, చాలా బాగా కనిపించింది. గడపకి అటు ఒకరు ఇటు ఒకరు, ఇద్దరం ఓరగా ఒకరినొకరం చూసుకున్నాం. జీవితంలో మొదటిసారి ఇద్దరికీ ఒకే పద్ధతిలో ఎదుటివాళ్ల మొహం కనిపించింది.

"గడప మీద కూర్చోకమ్మా" అన్నాను. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? లే."

ఆవిడ కాసేపు అలాగే చూసింది. అర్థమైంది, తెలివైన మనిషి. ద్వారబంధం పట్టుకుని నెమ్మదిగా లేచింది, చీర దులుపుకుంది, తడుముకుంటూ వెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చెయ్యి చెంప మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. మెడ నిలబెట్టింది. నేను సాయం పట్టలేదు.

అంతలో ఎదురింటి అమ్మాయి పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. గుమ్మంలో ఆగి, అమ్మని చూసి మెచ్చుకోలుగా తలూపింది.

"అమ్మమ్మ ఎంత మంచిగ గూసుంటది అక్కా, గీ వయసుల గూడ ఎంత సీదా! మా అత్తమ్మయితే ఎప్పుడు చూసినా గోడకే ఒరుగుతది."

"మా ఇంట్లో అందరం అంతేనమ్మా" అంది అమ్మ, చెప్పుల స్టాండు వైపు చూసి నవ్వుతూ.